పాఠకుల ప్రశ్నలు – జవాబులు: సొంత కంప్యూటర్‌లో వెబ్ సర్వర్ లాగ్ ఫైళ్లు ఎక్కడ ఉంటాయి?

ఈ సంచికకు అందిన ఉత్తరాలలో చాలావరకు ఒకే విషయానికి సంబంధించినవి. సొంత కంప్యూటర్‌లో వెబ్ సర్వర్ (అడిగిన వెబ్ పేజీలను అందించే ప్రోగ్రాము) పెట్టుకుని పని చేసుకుంటున్న పాఠకులు, పేజీ తెరుచుకోనప్పుడు అందుకు కారణం నమోదై ఉండే లాగ్ ఫైలు ఎక్కడుందో తెలియక ఇబ్బంది పడుతున్నారు. గోదావరికి ఇటూ అటూ ఉన్న ఊళ్ల నుంచి వచ్చిన వాటిలో ఆరు ఉత్తరాలను ఎంచుకుని, ఈసారి శీర్షికను ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాము. ఫోల్డర్ల పేర్లు, ఆదేశాలు ఇక్కడ తెలుగు లిపిలో ఇచ్చాము. కంప్యూటర్‌లో అవి ఇంగ్లీషు అక్షరాలలో కనిపిస్తాయని గమనించగలరు.

ప్రశ్న: మాకు కడియం దగ్గర నర్సరీ ఉంది. మొక్కల నిల్వలు, ధరలు చూసుకోవడానికి వీలుగా ఉంటుందని నాన్నగారి కోసం నా ల్యాప్‌టాప్‌లో జాంప్ (వెబ్ సర్వర్, డేటాబేసు కలిపి ఇచ్చే ప్యాకేజీ) వేసి, పీహెచ్‌పీ భాషతో చిన్న వెబ్‌సైటు తయారు చేశాను. మొన్నటిదాకా బాగానే పనిచేసింది. ఇప్పుడు ఏ పేజీ తెరిచినా 500 అనే సంఖ్యతో సర్వర్ లోపం అని వస్తోంది. కాలేజీలో సీనియర్ ఒకరు లాగ్ చూడమన్నారు. విండోస్ సెర్చ్‌లో వెతికితే సంబంధం లేని ఫైళ్లు బోలెడన్ని వచ్చాయి. బ్రౌజర్ హిస్టరీ కూడా చూశాను. తెలిసినవాళ్లు జాంప్ మొత్తం తీసేసి మళ్లీ వేసుకోమంటున్నారు. ఏం చేయమంటారు?
— డిగ్రీ విద్యార్థిని, కడియం మండలం

జవాబు: అన్నిటికన్నా ముందు, జాంప్‌ను తీసేయకండి. మీరు నాన్నగారి కోసం ఎక్కించిన మొక్కల వివరాలన్నీ ఆ జాంప్ ఫోల్డర్‌లోనే, మైఎస్‌క్యూఎల్ అనే ఉపఫోల్డర్‌లోని డేటా అనే చోట ఉంటాయి. పేజీలు కూడా అక్కడే, హెచ్‌టీడాక్స్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. బ్యాకప్ తీసుకోకుండా మొత్తం తీసేస్తే లోపంతో పాటు మీ పని అంతా పోతుంది, ఆ లోపం ఎందుకు వచ్చిందో చెప్పగలిగే లాగ్ ఫైలు కూడా పోతుంది. ప్రతి చిన్న ఇబ్బందికీ తీసేసి మళ్లీ వేయమని సలహా ఇచ్చే అలవాటు మన దగ్గర బాగా పాతుకుపోయింది. దానివల్ల ఎందరి శ్రమో వృథా అయిపోతున్నదని మాకు వచ్చే ఉత్తరాలే చెబుతున్నాయి.

బ్రౌజర్ హిస్టరీకి, సర్వర్ లాగ్‌కు సంబంధం లేదు. మీ ల్యాప్‌టాప్‌లో ఇప్పుడు రెండు ప్రోగ్రాములు మాట్లాడుకుంటున్నాయి: పేజీ అడిగేది బ్రౌజర్, ఆ పేజీని ఇచ్చేది జాంప్‌లోని అపాచీ అనే సర్వర్. ఏమి అడిగామన్నది బ్రౌజర్ తన హిస్టరీలో రాసుకుంటుంది; ఎవరు ఏమి అడిగారు, తాను ఏమి ఇచ్చాను, ఎందుకు ఇవ్వలేకపోయాను అన్నది అపాచీ తన లాగ్‌లో రాసుకుంటుంది. రెండూ ఒకే యంత్రంలో ఉండటం వల్ల ఈ తేడా తెలియకుండా పోతుంది.

ఇక విండోస్ సెర్చ్ సంగతి. మామూలు అమరికలో అది మీ పేరిట ఉన్న డాక్యుమెంట్లు, డెస్క్‌టాప్ వంటి ఫోల్డర్లకు మాత్రమే ముందుగా సూచిక తయారు చేసుకుంటుంది. సీ డ్రైవులో నేరుగా ఉన్న జాంప్ ఫోల్డర్ ఆ సూచికలోకి రాదు కాబట్టి, స్టార్ట్ మెనూలో ఎంత వెతికినా మీకు కావలసిన ఫైలు కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు. అందువల్ల కంప్యూటర్ అంతా గాలించడం మాని, లాగ్‌ను ఎక్కడ రాస్తున్నావని సర్వర్‌నే అడగడం మంచిది. ఏ సర్వర్ అయినా, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అయినా ఈ పద్ధతి మారదు.

జాంప్‌లో ఇది చాలా సులువు. కంట్రోల్ ప్యానెల్ తెరిస్తే అపాచీ అన్న వరుసలో స్టాప్, అడ్మిన్, కాన్ఫిగ్ బటన్ల పక్కనే లాగ్స్ అనే బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే యాక్సెస్ లాగ్, ఎర్రర్ లాగ్ వంటి పేర్లు వస్తాయి. కావలసినదాన్ని ఎంచుకుంటే నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. జాంప్‌ను మామూలుగా సీ డ్రైవులోనే వేసి ఉంటే ఆ ఫైళ్లు సీ డ్రైవులో జాంప్, అందులో అపాచీ, అందులో లాగ్స్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. వాటి పేర్లు యాక్సెస్ డాట్ లాగ్, ఎర్రర్ డాట్ లాగ్. విండోస్ తనకు తెలిసిన రకం ఫైళ్ల తోకపేర్లను దాచిపెడుతుంది కాబట్టి ఫోల్డర్‌లో అవి ఒట్టి యాక్సెస్, ఎర్రర్ అని మాత్రమే కనిపించవచ్చు. ఇవి లాగ్‌లు కావేమో అని చాలామంది పక్కన పెట్టేసేది ఇందుకే.

అక్కడ ఫైళ్లు లేకపోయినా, ఉన్నా వాటిలో కొత్త వరుసలు చేరకపోతున్నా, కంట్రోల్ ప్యానెల్‌లోని షెల్ బటన్ నొక్కి, వచ్చిన నల్లటి తెరలో హెచ్‌టీటీపీడీ అని టైపు చేసి, ఒక ఖాళీ వదిలి, అడ్డగీత, దాని వెంటనే పెద్దబడి ఎస్ అక్షరం కొట్టి ఎంటర్ నొక్కండి. ఆ ఎస్ తప్పనిసరిగా పెద్దబడిలోనే ఉండాలి. అపాచీ 2.4 వెర్షన్ దానికి జవాబుగా తన మూల ఫోల్డర్ ఏదో, ప్రధాన ఎర్రర్ లాగ్ ఎక్కడుందో పూర్తి దారితో చూపిస్తుంది. యాక్సెస్ లాగ్ దారి కూడా కావాలనుకుంటే అపాచీ ఫోల్డర్‌లోని కాన్ఫ్ అనే చోట ఉన్న హెచ్‌టీటీపీడీ డాట్ కాన్ఫ్ ఫైలు తెరిచి, కస్టమ్‌లాగ్ అనే మాట కోసం చూడండి. ఎర్రర్‌లాగ్ అనే మాట ఎదుట ఎర్రర్ ఫైలు దారి ఉంటుంది. ఆ దారి డ్రైవు పేరుతో మొదలు కాకుండా ‘లాగ్స్’ అని మాత్రమే మొదలైతే, ఆ ఫైలులోనే పైన సర్వర్‌రూట్ అని రాసి ఉన్న ఫోల్డర్ నుంచి లెక్క పెట్టుకోవాలి. వరుస మొదట హాష్ గుర్తు ఉంటే దాన్ని అపాచీ పట్టించుకోదు. ఒకే అపాచీ మీద పలు సైట్లు (వర్చువల్ హోస్టులు) పెట్టుకున్నవారు కాన్ఫ్ లోపలి ఎక్స్‌ట్రా ఫోల్డర్‌లో ఉన్న వీహోస్ట్స్ ఫైలు కూడా చూడాలి, ఎందుకంటే ఒక్కొక్క సైటుకు విడి లాగ్ అక్కడ నియమించి ఉండవచ్చు.

ఫైలు దొరికిన తరువాత చదవడం తెలియాలి. లోపం వచ్చే పేజీని బ్రౌజర్‌లో మరొకసారి తెరిచి, వెంటనే యాక్సెస్ లాగ్‌లో అట్టడుగు వరుస చూడండి. కొత్తవి ఎప్పుడూ చివర్లోనే చేరతాయి. అది ఈ విధంగా ఉంటుంది:

::1 - - [14/జులై/2025:10:22:31 +0530] "గెట్ /నర్సరీ/జాబితా.పీహెచ్‌పీ హెచ్‌టీటీపీ/1.1" 500 1064

మొదట ఉన్న రెండు కోలన్లు, ఒకటి అన్నది అడిగిన కంప్యూటర్ చిరునామా. అడిగినదీ ఇచ్చినదీ ఒకే యంత్రం కావడం వల్ల అలా ఉంది, కొన్నిచోట్ల 127.0.0.1 అని కూడా ఉంటుంది. నాన్నగారు తన ఫోన్‌లో వైఫై ద్వారా చూసినట్లయితే ఆ స్థానంలో 192.168 తో మొదలయ్యే చిరునామా వచ్చే అవకాశం ఎక్కువ. తరువాతి రెండు అడ్డగీతలు వాడుకరి గుర్తింపు వివరాలు లేవని చెబుతాయి. చదరపు బ్రాకెట్లలో తేదీ, సమయం, మన ప్రామాణిక కాలానికి గుర్తుగా +0530 ఉన్నాయి. ఉటంకింపు గుర్తుల మధ్య ఉన్నది అడిగిన పేజీ. ఆ తరువాతి సంఖ్యే ముఖ్యమైనది: 200 అయితే పేజీ సవ్యంగా వెళ్లింది, 304 అయితే బ్రౌజర్ దగ్గరున్న ప్రతి సరిపోయింది, 403 అయితే అనుమతి లేదు, 404 అయితే ఆ పేరుతో ఫైలు లేదు, 500 అయితే సర్వర్ లోపల ఏదో చెడింది. చివరిది పంపిన బైట్ల సంఖ్య. జాంప్‌లో ఈ వరుస చివర బ్రౌజర్ వివరాలు కూడా కొంత పొడుగ్గా చేరతాయి.

ఏదో చెడిందన్న సంగతి మీకు ముందే తెలుసు. ఏది చెడిందో తెలియాలంటే ఎర్రర్ లాగ్‌లో అదే సమయంతో ఉన్న వరుస చూడాలి. ఉన్నట్టుండి అన్ని పేజీలకూ 500 వస్తున్నదంటే మొదట అనుమానించవలసింది ఫోల్డర్ అమరికలు ఉండే, చుక్కతో మొదలయ్యే హెచ్‌టీయాక్సెస్ అనే ఫైలును. అందులో రీరైట్ ఇంజిన్ అనే మాటలో ఒక్క అక్షరం జారిపోయినా ఆ ఫోల్డర్‌లోని ప్రతి పేజీ ఆగిపోతుంది. అప్పుడు ఎర్రర్ లాగ్ ఆ ఫైలు పూర్తి దారి చెప్పి, ఇన్‌వ్యాలిడ్ కమాండ్ అని, తాను గుర్తుపట్టలేని మాటను ఉన్నదున్నట్టుగా చూపించి, స్పెల్లింగ్ తప్పై ఉండవచ్చని, లేదా ఆ మాటకు సంబంధించిన మాడ్యూల్ చేర్చి ఉండకపోవచ్చని కూడా చెబుతుంది. మీరు ఈ మధ్య ఆ ఫైలును మార్చి ఉంటే, లేదా వేరేచోట నుంచి తెచ్చి పెట్టి ఉంటే, మీ సమస్యకు జవాబు ఆ ఒక్క వరుసలోనే ఉండే అవకాశం ఎక్కువ.

యాక్సెస్ లాగ్‌లో 200 అని ఉండి పేజీ మాత్రం తెల్లగా వస్తే అప్పుడు పీహెచ్‌పీ లాగ్ చూడాలి. పీహెచ్‌పీఇన్ఫో అనే ఫంక్షన్‌తో ఒక చిన్న పేజీ రాసి తెరిస్తే, అందులో ఎర్రర్ లాగ్ అనే వరుస ఎదుట ఆ ఫైలు దారి కనిపిస్తుంది. ఆ పని అయిపోగానే పేజీని తుడిచేయండి. డేటాబేసు అయిన మైఎస్‌క్యూఎల్ మొరాయించినప్పుడు మాత్రం దాని లోపాల ఫైలు పైన చెప్పిన డేటా ఫోల్డర్‌లోనే దొరుకుతుంది.

ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. లాగ్ ఫైలును సహాయం కోసం వాట్సాప్ గ్రూపులో పెట్టే ముందు ఒకసారి చదివి చూడండి. లాగిన్ ఫారాన్ని గెట్ పద్ధతిలో రాసి ఉంటే, టైపు చేసిన పాస్‌వర్డు పేజీ చిరునామాలో భాగమై యాక్సెస్ లాగ్‌లో అందరికీ కనిపించేలా పడి ఉంటుంది. అలా ఉంటే ఫారాన్ని పోస్ట్ పద్ధతికి మార్చి, పాస్‌వర్డు కూడా మార్చండి.

ప్రశ్న: భీమవరంలో మాకు రొయ్యల మేత, మందుల దుకాణం ఉంది. డబ్బు కట్టి ఒక హోస్టింగ్ సంస్థ దగ్గర వెబ్‌సైటు పెట్టించాము. ధరల పేజీని ఏ ఊరి రైతులు, ఏ వ్యాపారులు చూస్తున్నారో తెలుసుకోవాలని ఉంది. లాగ్ ఫైల్లో ఉంటుందని మా అబ్బాయి అన్నాడు. దుకాణంలోని కంప్యూటర్ అంతా వెతికించాను, దొరకలేదు.
— దుకాణం యజమాని, భీమవరం

జవాబు: మీ దుకాణంలోని కంప్యూటర్‌లో అది ఉండదు. సర్వర్ ఎక్కడ నడుస్తుందో లాగ్ అక్కడే తయారవుతుంది. మీ వెబ్‌సైటును నడిపిస్తున్న సర్వర్ హోస్టింగ్ సంస్థ దగ్గర ఉంది కనుక లాగ్ కూడా అక్కడే ఉంది. మీ కంప్యూటర్ ఆ సైటును చూసే ఎన్నో యంత్రాలలో ఒకటి మాత్రమే.

ఆ సంస్థ మీకు సీప్యానెల్ (సైటును నిర్వహించుకునే పేజీ) ఇచ్చి ఉంటే, లాగిన్ అయి మెట్రిక్స్ అనే విభాగంలో రా యాక్సెస్ అన్నది తెరవండి. మీ డొమైన్ పేరు నొక్కితే లాగ్ ఫైలు కుదించిన రూపంలో, జీజెడ్ అనే తోకతో, మీ కంప్యూటర్‌లోకి దిగుతుంది. సెవెన్‌జిప్ వంటి ప్రోగ్రాముతో విప్పి చదవవచ్చు. అదే పేజీలో పాత లాగ్‌లను దాచి ఉంచమని చెప్పే టిక్కు పెట్టె ఉంటుంది, దాన్ని ఈ రోజే పెట్టుకోండి. సీప్యానెల్ లేకపోతే యాక్సెస్ లాగ్ కావాలని ఆ సంస్థకు రాసి అడగండి.

అయితే మీరు ఆశిస్తున్నది అందులో దొరకదని కూడా చెప్పాలి. లాగ్‌లో పేర్లు ఉండవు, ఐపీ చిరునామాలు మాత్రమే ఉంటాయి. మొబైల్ డేటా వాడేవారి విషయంలో ఒకే చిరునామా వెనుక ఎందరో చందాదారులు ఉండటం మామూలు. పైగా ఆ చిరునామాకు చూపించే ఊరు చాలాసార్లు మొబైల్ కంపెనీ సర్వర్లు ఉన్న నగరమే అవుతుంది తప్ప, ఉండి మండలంలో చెరువు గట్టు మీద నిలబడి ఫోన్ చూస్తున్న రైతు ఊరు కాదు. వరుసల్లో చాలా భాగం గూగుల్ వంటి శోధన సంస్థల యంత్రాలు వచ్చి వెళ్లిన గుర్తులే కావచ్చు. ధరల పేజీని ఏ రోజు, ఏ సమయంలో ఎక్కువగా చూస్తున్నారన్నది మాత్రం లాగ్ నుంచి నమ్మకంగా తెలుసుకోవచ్చు. రొయ్యల కౌంటు (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క) మారిన రోజుల్లో, పట్టుబడుల సమయంలో ఆ సంఖ్య ఎలా పెరుగుతున్నదో చూసుకుంటే మీ వ్యాపారానికి అదే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ప్రశ్న: విశ్రాంత అధ్యాపకుణ్ణి. మా ఊరి గ్రంథాలయానికి పుస్తకాల జాబితా వెతుక్కునే వెబ్ పేజీ ఒకటి ఉబుంటు అనే లైనక్సులో అపాచీ మీద నడుపుతున్నాను. లాగ్ ఫోల్డర్ దొరికింది కానీ గ్రంథాలయ సహాయకుని కోసం తెరిచిన ఖాతా నుంచి చూడబోతే అనుమతి లేదంటున్నది. నా ఖాతాలో తెరుచుకుంటున్నది. మరొక సందేహం: నిన్న సాయంత్రం చూసిన వరుసలు ఈ రోజు ఉదయం ఫైలులో లేవు. ఎవరైనా తుడిచేశారా?
— రామచంద్రపురం పాఠకులు

జవాబు: ఎవరూ తుడవలేదు, నిశ్చింతగా ఉండండి. ఉబుంటులో లాగ్‌రొటేట్ అనే ఏర్పాటు ఉంటుంది. అపాచీ లాగ్‌ను అది రోజుకొకసారి పక్కకు జరిపి, యాక్సెస్ డాట్ లాగ్ పేరుతో కొత్త ఖాళీ ఫైలును మొదలుపెట్టిస్తుంది. నిన్నటి వరుసలు అదే పేరు చివర చుక్క, 1 ఉన్న ఫైలులో ఉంటాయి. అంతకు ముందువి 2, 3 అంటూ జీజెడ్ తోకతో కుదించి ఉంటాయి. ఈ విధంగా 14 పాత ఫైళ్లను నిలిపి, ఆ పైన అన్నిటికంటే పాతదాన్ని తీసేస్తుంది. రాత్రి కంప్యూటర్ ఆపేసి ఉన్నప్పటికీ, ఉదయం ఆన్ చేసిన కొంతసేపటికి ఆ పని జరిగిపోతుంది. మీరు చూసిన మార్పు అదే. కుదించిన ఫైళ్లను విప్పకుండానే చదవడానికి జెడ్‌లెస్, వాటిలో ఒక మాట వెతకడానికి జెడ్‌గ్రెప్ అనే ఆదేశాలు ఉన్నాయి. ఏడాదికి ఎంతమంది ఏ పుస్తకం వెతికారో లెక్క కావాలంటే 14 రోజుల నిల్వ సరిపోదు. ఈటీసీ ఫోల్డర్‌లోని లాగ్‌రొటేట్ డాట్ డీ అనే చోట అపాచీ2 పేరుతో ఉన్న ఫైలులో రొటేట్ ఎదుట ఉన్న ఆ సంఖ్యను పెంచుకోండి.

అనుమతి విషయానికి వస్తే, వార్ ఫోల్డర్‌లోని లాగ్, అందులోని అపాచీ2 అనే ఫోల్డర్ రూట్ అనే నిర్వాహక ఖాతాకు, ఏడీఎమ్ అనే బృందానికి మాత్రమే తెరుచుకుంటుంది. ఉబుంటు ఎక్కించేటప్పుడు తయారైన మొదటి ఖాతా ఆ బృందంలో తనంతట తానే చేరుతుంది, తరువాత తెరిచిన ఖాతాలు చేరవు. మీ ఖాతా నుంచి సూడో (నిర్వాహక అధికారం తెచ్చే ఆదేశం) ముందు పెట్టి, యూజర్‌మాడ్ ఆదేశంతో సహాయకుని ఖాతాను ఏడీఎమ్‌లో చేర్చండి. అలా చేర్చేటప్పుడు చిన్న ఏ, పెద్ద జీ రెండు అక్షరాలూ తప్పక ఇవ్వాలి. చిన్న ఏ మరచిపోతే ఆ ఖాతా తాను ఇప్పటికే ఉన్న ఇతర బృందాల నుంచి బయటికి వచ్చేస్తుంది. సహాయకుడు ఒకసారి లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ అయ్యాక లాగ్ తెరుచుకుంటుంది. అందరికీ కనిపించాలని ఫోల్డర్ అనుమతులనే మార్చేయడం మాత్రం వద్దు. ఏ పాఠకుడు ఏ పుస్తకం కోసం వెతికాడన్నది అతని సొంత విషయం, దాన్ని కాపాడవలసిన బాధ్యత గ్రంథాలయానిది.

ఫెడోరా అనే మరో లైనక్సు వాడే పాఠకులకు ఇదే ఫోల్డర్ హెచ్‌టీటీపీడీ పేరుతో ఉంటుంది. అపాచీకి బదులు ఎంజిన్‌ఎక్స్ అనే సర్వర్ వాడేవారికి వార్ లోపలి లాగ్‌లో ఎంజిన్‌ఎక్స్ పేరుతోనే ఉంటుంది.

ప్రశ్న: తణుకులో అకౌంట్ల కార్యాలయం నడుపుతున్నాము. ఆఫీసు లోపల వాడుకోవడానికి విండోస్‌లోని ఐఐఎస్ అనే వెబ్ సర్వర్ మీద చిన్న సైటు ఉంది. లాగ్‌లో సమయాలు అయిదున్నర గంటలు వెనక్కి ఉంటున్నాయి. పైగా పేజీ తెరిచిన వెంటనే చూస్తే వరుస కనిపించడం లేదు.
— తణుకు పాఠకులు

జవాబు: రెండూ లోపాలు కావు. ఐఐఎస్ మామూలుగా వాడే డబ్ల్యూ3సీ పద్ధతి లాగ్‌లో సమయం ఎప్పుడూ అంతర్జాతీయ ప్రామాణిక కాలంలోనే నమోదవుతుంది. దానికి అయిదు గంటల ముప్పై నిమిషాలు కలుపుకుంటే మన సమయం వస్తుంది. ఇందువల్లనే రోజువారీ ఫైలు మన అర్ధరాత్రి కాకుండా ఉదయం 5:30కి మారుతుంది. ఐఐఎస్ మేనేజర్‌లో మీ సైటును ఎంచుకుని లాగింగ్ అనే గుర్తు తెరిస్తే, ఫైలు పేరుకు, మార్పుకు స్థానిక సమయం వాడమనే టిక్కు ఉంటుంది. అది పెట్టినా ఫైలు మారే వేళ మాత్రమే మారుతుంది, లోపలి వరుసల సమయం మారదు. ఉద్యోగి ఎన్ని గంటలకు పని చేశాడన్నదానికి ఈ లాగ్‌ను ఆధారం చేసుకునేవారు ఈ సంగతి తప్పనిసరిగా గుర్తుపెట్టుకోవాలి, లేకపోతే ఒకరికి అన్యాయం జరుగుతుంది.

ఇక ఆలస్యం గురించి. వరుసలను విండోస్ కొంతసేపు మెమరీలో పోగు చేసుకుని ఆ తరువాత ఫైలులో రాస్తుంది. ఒక్క నిమిషం ఆగి చూడండి. ఆగలేకపోతే, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌ష్ హెచ్‌టీటీపీ ఫ్లష్ లాగ్‌బఫర్ అనే ఆదేశం ఇస్తే ఉన్నవన్నీ వెంటనే ఫైలులోకి చేరతాయి. ఆ ఫైళ్లు మామూలుగా సీ డ్రైవులో ఇనెట్‌పబ్, లాగ్స్, లాగ్‌ఫైల్స్ అనే ఫోల్డర్ల లోపల, డబ్ల్యూ3ఎస్‌వీసీ అనే పేరు చివర సైటు సంఖ్య ఉన్న ఫోల్డర్‌లో ఉంటాయి.

ప్రశ్న: నా కంప్యూటర్‌లో అపాచీ ఎర్రర్ లాగ్ కొన్ని జీబీలకు పెరిగిపోయింది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే కంప్యూటర్ బిగుసుకుపోతోంది. తుడిచేయబోతే వేరే ప్రోగ్రాము వాడుతున్నదని ఒప్పుకోవడం లేదు.
— ఐటీఐ విద్యార్థి, అమలాపురం

జవాబు: ఆ వేరే ప్రోగ్రాము అపాచీయే. అది నడుస్తున్నంతసేపూ ఫైలును పట్టుకునే ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో అపాచీని ఆపి, ఫైలు పేరు మార్చి, మళ్లీ నడిపించండి. అదే పేరుతో కొత్త ఫైలు తయారవుతుంది. లైనక్సులో ఇంకొక చిక్కు ఉంది: నడుస్తున్న అపాచీ వాడుతున్న లాగ్ ఫైలును అక్కడ తుడిచివేయనిస్తుంది, పేరు కూడా కనిపించకుండా పోతుంది, కానీ అపాచీ ఆ ఫైలులోనే రాస్తూ ఉంటుంది కాబట్టి దాన్ని పునఃప్రారంభించేవరకు డిస్కులో జాగా ఖాళీ కాదు.

పేరు మార్చిన పెద్ద ఫైలును తుడిచే ముందు దాని చివరి భాగం చదవండి. పవర్‌షెల్‌లో గెట్-కంటెంట్ (మధ్యలో అడ్డగీత) అనే ఆదేశానికి ఫైలు దారి ఇచ్చి, అడ్డగీతతో మొదలయ్యే టెయిల్ అనే గుర్తు పక్కన 50 అని ఇస్తే చివరి యాభై వరుసలు మాత్రమే తెర మీదికి వస్తాయి, ఫైలు ఎంత పెద్దదైనా ఇబ్బంది ఉండదు. కొత్తగా తయారైన ఫైలు దారి ఇచ్చి, అలాగే అడ్డగీతతో వెయిట్ అనే గుర్తు కూడా చేర్చితే కొత్త వరుసలు చేరుతున్నకొద్దీ కనిపిస్తూ ఉంటాయి. మీరు పేజీ తెరుస్తూ, పక్కనే ఆ తెర చూస్తూ పని చేయడం నేర్చుకుంటే తప్పు పట్టుకోవడం ఎంతో సులభమవుతుంది.

ఇంతలా పెరిగిందంటే కారణం దాదాపు రెండింటిలో ఒకటి. ఒకే హెచ్చరిక ప్రతి పేజీకీ మళ్లీ మళ్లీ వచ్చి పడుతూ ఉండాలి, లేదా హెచ్‌టీటీపీడీ డాట్ కాన్ఫ్ ఫైలులో లాగ్‌లెవెల్ అనే అమరికను ఎవరో డీబగ్‌కో, ట్రేస్‌కో మార్చి ఉండాలి. లాగ్‌లెవెల్ ఏమిటో కోనసీమవారికి వేరే చెప్పనవసరం లేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఇస్తారు. మొదటి హెచ్చరిక నుంచీ కబురు చేయమని చెప్పినవారికి తరువాతి రెండూ కూడా అందుతాయి, మూడవది వస్తేనే చెప్పమన్నవారికి మొదటి రెండూ తెలియవు. లాగ్‌లెవెల్ కూడా అంతే. దాన్ని వార్న్ దగ్గర ఉంచితే ఆ స్థాయి నుంచి అంతకన్నా తీవ్రమైనవన్నీ నమోదవుతాయి. డీబగ్ దగ్గర ఉంచితే అడుగడుగునా జరిగే ప్రతి చిన్న విషయమూ నమోదై డిస్కు నిండుతుంది. అపాచీ తనంతట తాను పాటించేది వార్న్ స్థాయినే. మీరు కూడా అదే ఉంచండి. ఏదైనా చిక్కు విడదీయవలసి వచ్చినప్పుడు డీబగ్‌కు మార్చి, పని కాగానే మళ్లీ వెనక్కి తెచ్చుకోండి.

ప్రశ్న: జాంప్‌లో అపాచీ అసలు మొదలు కావడం లేదు. ఎర్రర్ లాగ్ తెరిస్తే పాత వరుసలే ఉన్నాయి, ఈ రోజువి లేవు. ఇప్పుడు ఎక్కడ చూడాలి?
— పాలకొల్లు పాఠకురాలు

జవాబు: తన అమరికల ఫైలు చదివి, లాగ్‌ను తెరిచిన తరువాతే అపాచీ అందులో రాయగలదు. ఆ లోపే పడిపోతే లాగ్ ఖాళీగానే ఉంటుంది. షెల్ తెరిచి హెచ్‌టీటీపీడీ పక్కన అడ్డగీత, చిన్నబడి టీ ఇచ్చి చూడండి. అమరికలలో తప్పు ఉంటే ఏ ఫైలులో ఎన్నో వరుసో చెబుతుంది, లేకపోతే సింటాక్స్ ఓకే అంటుంది. అపాచీని విండోస్ సర్వీసుగా పెట్టుకున్నవారికి ఇటువంటి తొలి దశ లోపాలు ఈవెంట్ వ్యూయర్‌లో, అప్లికేషన్ అనే విభాగంలో కనిపిస్తాయి.

సింటాక్స్ ఓకే అని వచ్చి కూడా మొదలు కాకపోతే పోర్టు 80ని (వెబ్ సర్వర్ అభ్యర్థనలు అందుకునే ద్వారం సంఖ్య) వేరే ప్రోగ్రాము పట్టుకుని ఉండవచ్చు. జాంప్ కంట్రోల్ ప్యానెల్ కింది భాగంలో వచ్చే ఎర్ర అక్షరాల సందేశం సాధారణంగా ఆ విషయమే చెబుతుంది. అందులో ప్రాసెస్ సంఖ్య 4 అని ఉంటే పట్టుకున్నది విండోస్ సిస్టమే, చాలావరకు దాని వెనుక ఐఐఎస్ ఉంటుంది. ఐఐఎస్ మీకు అవసరం లేకపోతే ఆపేయండి. అవసరమైతే హెచ్‌టీటీపీడీ డాట్ కాన్ఫ్‌లో లిజెన్ అనే మాట ఎదుట ఉన్న 80ని 8080గా మార్చి, బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ తరువాత కోలన్, 8080 చేర్చి తెరవండి. అపాచీ మొదలవగానే ఎర్రర్ లాగ్‌లో, ఆ పేజీ తెరుచుకోగానే యాక్సెస్ లాగ్‌లో ఈ రోజు తేదీతో వరుసలు మొదలవుతాయి.